నొప్పికి దుబాసీ

మద్రాసు తెలుగువాళ్లకు దుబాసీ పని కొత్తది కాదు. కుంపెనీ దొరల కాలంలోనే మొదలైంది. ఈ రోజుల్లో ఊరినుంచి చుట్టాలు వైద్యానికి వస్తే, ఆసుపత్రిలో తమిళంలో మాట్లాడడానికి మనమే వెంట వెళ్తాం. ఆ పనిలో నేను చేసిన తప్పొకటి చెప్పుకోవాలి.

2013లో నెల్లూరునుంచి మా పిన్ని వచ్చింది. రొమ్ము కేన్సరు. ఇక్కడొక ఆసుపత్రిలో ఆపరేషనయింది. నొప్పి ఎక్కువైతే మార్ఫిన్ ఇవ్వమని డాక్టరుగారు రాసిపెట్టారు. ఆ రాత్రి నర్సమ్మ వచ్చి “రొంబ వలిక్కుదా?” అని అడిగింది. పిన్నికి తమిళం రాదు. “పోట్లు పొడుస్తున్నాయి అబ్బయ్యా, ఓర్చుకోలేను” అంది నాతో. నేను నర్సమ్మతో “కొంజందాన్” అన్నాను. కొంచెమేనట! ఆవిడ వెళ్లిపోయింది. పిన్ని తెల్లవార్లూ పళ్లు బిగించుకుని పడుకుంది.

ఎందుకలా అన్నాను? ఆపరేషను సమయంలో నల్లమందు జాతి మందులు వాడితే కేన్సరు తిరగబెడుతుందేమోనని ఎక్కడో చదివాను. 2006లో ఐర్లండు డాక్టర్లు 129 మంది రొమ్ము కేన్సరు రోగుల పాత రికార్డులు తిరగేశారు. వెన్ను పక్క నరాలకు కూడా మొద్దుబారే మందు ఇచ్చినవారిలో జబ్బు తిరగబెట్టడం తక్కువగానూ, మామూలు మత్తు, మార్ఫిన్‌లతో సరిపెట్టినవారిలో ఎక్కువగానూ కనబడింది. పాత రికార్డులు అనుమానం పుట్టించగలవు, కారణం తేల్చలేవు. భయపడ్డవాడికి ఆ తేడా తెలియదు.

తర్వాత అసలు పరీక్ష జరిగింది. 8 దేశాల్లో, 13 ఆసుపత్రుల్లో, 2,108 మంది స్త్రీలను చీట్లు వేసినట్టు రెండు జట్లు చేసి, ఏళ్ల తరబడి గమనించారు. 2019లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. రెండు జట్లలోనూ నూటికి పదిమందికి జబ్బు తిరగబెట్టింది. తేడా లేదు. ఇది రొమ్ము కేన్సరు మాట. అన్ని కేన్సర్లకూ ఇదే తీర్పు అనను. కానీ ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, ఆపరేషను నొప్పికి మార్ఫిన్ ఇస్తే కేన్సరు పాకడం తగ్గిన సందర్భాలూ ఉన్నాయి. అంటే నొప్పిని భరించడం కూడా ఒంటికి ఉచితంగా జరిగే పని కాదు.

సరే, లెక్క మరోలా తేలి ఉంటే? అప్పుడు నేను చేసింది ఒప్పయ్యేదా?

కాదనే ఇప్పుడనుకుంటున్నాను. నాలుగేళ్లు ఎక్కువ బతకడానికి ఈ రాత్రి నొప్పి ఓర్చుకుంటానని ఒక మనిషి అంటే అది ధైర్యం. ఆ మనిషినడక్కుండా పక్కవాడు నిర్ణయించి, దానికి ఓర్పు అని పేరు పెడితే అది దొంగతనం. అందులోనూ ఆడవాళ్ల ఓర్పును మెచ్చుకోవడం మనకు మహా సులువు.

దేశం కూడా ఇలాంటి దుబాసీతనమే చేసింది. ప్రభుత్వ అనుమతితో నల్లమందు పండించే దేశం మనది. అయినా 1985 మాదకద్రవ్యాల చట్టం వచ్చాక, ఆ నిబంధనలకు భయపడి ఎన్నో ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచుకోవడమే మానేశాయి. 2014లో చట్టం సవరించి కొంత సడలించారు. ఆ మధ్య కాలంలో నొప్పి పడ్డవాళ్లను ఎవరూ అడగలేదు. వాళ్ల తరఫున భయమే జవాబు చెప్పింది.

లాన్సెట్ సంగతి తెలిశాక నెల్లూరు వెళ్లి పిన్నికి అంతా చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. “నన్నడగొచ్చు గదా అబ్బయ్యా. ఓర్చుకుందామనే అనుండేదాన్నేమో. అడగలేదే నువ్వు” అంది.

ఇప్పటికీ ఎవరో ఒకరి వెంట ఆసుపత్రికి వెళ్తూనే ఉన్నాను. వాళ్లు పోటు అంటే పోటనే చెబుతాను. నాకేదైనా భయముంటే రోగి వినేట్టుగా, రోగి భాషలో, డాక్టరుగారి ముందే అడుగుతాను.