చిన్న దోనె

పఠన భాగము: మార్కు 3:7–12

అమెరికా ఉత్తరభాగముననున్న మిన్నెసోటా రాష్ట్రమునకు పదివేల సరస్సుల సీమయని పేరు. అచ్చట శీతకాలమున సరస్సులు గడ్డకట్టును, వేసవి కొద్దికాలమే. ఆ కొద్దికాలములో కుటుంబముతో నీటిపై విహరించుటకు మోటారు పడవ కొనుట అచ్చటివారికి సామాన్యమైన సంగతి. అట్టి గృహస్థుడొకడు, భార్యయు ఇద్దరు బిడ్డలును గలవాడు, సంఘములో పెద్ద, రెండు పడవల నడుమ నిలిచియున్నాడని భావింపుడు. ఒకటి 16 అడుగులది, రెండవది 24 అడుగులది.

చిన్నదానిని ఇంటి కారే లాగుకొనిపోవును. ఇద్దరు చేరి నీటిలో దింపవచ్చును. పెద్దదానికి బలమైన వాహనము, అధికమైన ఇంధనము, హిమకాలమంతయు దానిని భద్రపరచుటకు విశాలమైన చోటు కావలెను. అయినను పెద్దదానిని దుర్వ్యయమని త్రోసివేయరాదు. సుపీరియర్ సరస్సువంటి మహా జలాశయమున గాలి లేచు దినమున చిన్న పడవతో బయలుదేరువాడు నిరాడంబరుడు కాడు, అవివేకి. చిన్నదనమే పరిశుద్ధతయని ఏ అపొస్తలుడును బోధింపలేదు.

ఆ దేశపు నిబంధన యొకటి గమనింపదగినది. 20 అడుగులకు తక్కువైన మోటారు పడవలలో ఎందరు ఎక్కవచ్చునో, ఎంత బరువు మోయవచ్చునో తెలుపు ఫలకము సాధారణముగా ఉండితీరవలెను. అంతకు మించిన పడవలకు ఆ నిర్బంధము లేదు. పెద్ద పడవ కొనువాడు తన హద్దును తానే యెరుగవలెను. ఈ గృహస్థుడు కోరుచున్నది అలలకు తగిన పడవనా, లేక పొరుగువాని రేవున కట్టియున్న దానికి సాటియగు పడవనా? వాయిదాలు చెల్లించుటకై అతడు శనివారములును ఆదివారములును పనికి పోవలసివచ్చినయెడల, బిడ్డలతో గడుపుటకై కొన్న పడవయే బిడ్డలనుండి తండ్రిని దూరపరచును. ఆ దినమున పడవ పొడవు 16 అడుగులా, 24 అడుగులా యని వారు అడుగరు.

సువార్తికుడైన మార్కు కూడ పడవల పరిమాణభేదమును గుర్తించినవాడే. గ్రీకు మూలములో పడవకు సామాన్యముగా వాడు మాట ‘ప్లోయోన్’. ఈ భాగమున ప్రభువు అడిగినది ‘ప్లోయారియోన్’, అనగా చిన్న దోనె. సామాన్యమైన దోనె యెంతటిదో కొంత తెలియవచ్చినది. 1986లో అనావృష్టిచేత గలిలయ సరస్సు నీరు తగ్గగా, గిన్నోసరు సమీపమున బురదలో ప్రాచీనమైన దోనె యొకటి బయల్పడెను. అది క్రీస్తు కాలమునకు చేరువైనదని పరిశోధకులు నిర్ణయించిరి. పొడవు సుమారు 27 అడుగులు. పలువిధములైన కలపతో అతుకులు వేసి మరల మరల బాగుచేయబడినది. మన గృహస్థుని పెద్ద పడవకంటె గలిలయ జాలరుల దోనె పొడవైనదన్నమాట! అది వారి జీవనాధారము. లూకా 5వ అధ్యాయములో చేపలు విస్తారముగా పడిన దినమున రెండు దోనెలును చాలకపోయెను.

అట్టి సరస్సు ఒడ్డున, యెరూషలేమునుండియు ఇదూమయనుండియు తూరు సీదోనుల ప్రాంతములనుండియు జనులు కూడివచ్చిన వేళ, ప్రభువు పెద్ద దోనెను అడుగలేదు. రోగులు ఆయనను ముట్టవలెనని మీద పడుచుండిరి. వారిని విడిచి ఆవలి ఒడ్డునకు పోవుటకు గాదు, నలిగిపోకుండ వారి యెదుటనే నిలుచుటకు ఆయనకు కొంచెము ఎడము కావలసియుండెను. ఒడ్డునకు దగ్గరగా తేలగల చిన్న దోనె అందుకు చాలును.

ఆ దోనె యెవరిదో మార్కు వ్రాయలేదు. ఆ దినమున ఆయన అందులో ఎక్కెనో లేదో కూడ వ్రాయలేదు. దానిని సిద్ధముగా ఉంచుడని శిష్యులతో చెప్పెనని మాత్రమే వ్రాసెను.