పదునుకు మూడు మూటలు

అనంతపురం వైపు ఒక పల్లెలో వదినా మరుదులు పక్కపక్క చేలల్లో సేద్యం చేసుకునేవాళ్ళు. అన్న పోయాక పొలం రెండు భాగాలైంది. ఎర్రనేల, గులకరాళ్ళు, వాన తప్ప వేరే నీటి ఆధారం లేదు. ఇద్దరి దగ్గరా చెరి పన్నెండు మూటల వేరుశనక్కాయలు విత్తనానికి ఉన్నాయి.

మృగశిర కార్తె రాకముందే వదిన వంటింటి గోడ మీద బొగ్గుతో మూడు గీతలు గీసింది. మొదటి గీత: ఒక్కో పదును వానకు మూడు మూటలే వేయాలి. రెండో గీత: మొలిచాక ఇరవై రోజులు చినుకు పడకపోతే ఆ చెక్క మీద ఆశ వదులుకుని దున్నేయాలి, తర్వాతి వానకు అందులో ఉలవలు చల్లాలి. మూడో గీత: చివరి మూడు మూటలు ఏం జరిగినా ఈ ఏడు అటక దిగకూడదు.

మరిది నవ్వాడు. "వానొచ్చినప్పుడు చూసుకుందాంలే వదినా. మబ్బు చూస్తే తెలీదా?"

"మబ్బు చూసినాక మనసు నిలబడదబ్బీ. అందుకే ఇప్పుడే గీసుకుంటాండా."

ఆ ఏడు మొదటి వానకే మంచి పదునైంది. మరిది పన్నెండు మూటలూ ఒలిపించి ఒకేసారి విత్తాడు. తర్వాత వానలు అదును తప్పకుండా పడ్డాయి. చేను విరగకాసింది. భార్య మెడలోకి కొత్త గొలుసు వచ్చింది. ఊళ్ళో నలుగురూ విత్తనం సంగతి అతన్నే అడగడం మొదలుపెట్టారు. "నీ గీతలు నీ పంటను సగం తినేసినాయి వదినా" అన్నాడు. అది నిజమే. ఆమె కాదనలేదు.

మరుసటి ఏడు మృగశిరలోనే గట్టి వాన కురిసింది. మరిది ఇంట్లో ఉన్న ఇరవై మూటలూ తీశాడు. చాలవనిపించి, పక్కచేను కూడా కౌలుకు పట్టి, షావుకారి దగ్గర ఇంకో పది మూటలు తెచ్చాడు. మూటకు మూటన్నర తిరిగివ్వాలి, హామీగా పొలం కాగితాలు. ఆ రాత్రి వదినా నిచ్చెన వేసుకుని అటక ఎక్కింది. మూటల మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చుంది. దిగి వచ్చి మూడు మూటలే విత్తింది.

మొలకలు బాగా వచ్చాయి. వాన మొహం చాటేసింది. ఇరవయ్యో రోజు వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే ఆ చెక్క దున్నించింది. మరిది దున్నలేదు. గొలుసు అమ్మి బండ్ల మీద పీపాలతో నీళ్ళు తోలించాడు. "రెండు దినాల్లో పడుతుంది" అన్నాడు. ఆ మాటే వారం తర్వాత కూడా అన్నాడు. వాన నిజంగానే పడింది. కాకపోతే నలభయ్యో రోజున పడింది. అప్పటికి అతని చేలో బతికిన మొక్క లేదు, ఇంట్లో గింజ లేదు, పొలం కాగితాలు షావుకారి పెట్టెలో ఉన్నాయి. పక్కచేలో వదిన గొర్రు కట్టిస్తోంది.

అతను గట్టు మీదికి వచ్చాడు. "ఆ అటక మీది మూటలియ్యి వదినా."

"ఈ ఏడు కాదబ్బీ. వచ్చే మృగశిరకు రా, ఒక మూట ఇస్తా. దాన్ని మూడు వానలకు పంచి వేస్తానంటేనే."

నీతి: ఎంత విత్తాలో, ఎప్పుడు వదులుకోవాలో మబ్బు పట్టకముందే తేల్చుకున్నవారికే రెండో వాన అక్కరకొస్తుంది.

క్రిప్టో వ్యాపారంలోకి దిగుతున్న మన పిల్లలకు ఈ కథ చెప్పాలనిపించింది. మరిది జోస్యం తప్పలేదన్నది ఇందులో ముఖ్యమైన సంగతి. 2021 నవంబరులో 69,000 డాలర్ల దాకా వెళ్ళిన బిట్‌కాయిన్, ఏడాది తిరిగేసరికి 16,000 కిందికి పడింది. మళ్ళీ లేస్తుందని నమ్మినవాళ్ళ మాట 2024 మార్చిలో నిజమైంది, పాత గరిష్ఠాన్ని దాటింది. అయితే అప్పు తెచ్చి కొన్నవాళ్ళు, ఇంటి ఖర్చుల డబ్బు పెట్టినవాళ్ళు అన్నాళ్ళు ఆగగలిగే స్థితిలో లేరు. లూనా కథ వేరు. 2022 మే మొదట్లో 80 డాలర్ల దగ్గరున్న ఆ కాయిన్, రెండు వారాలు గడవకముందే సెంటులో చిన్న భాగానికి దిగజారింది. 40 డాలర్లకు చవకని కొని, 10కి వచ్చాక యావరేజ్ చేద్దామని ఇంకా కొన్నవారి డబ్బు ఇక తిరిగి రాలేదు. పడుతున్న రోజుల్లో ఏది లేస్తుందో, ఏది లేవదో తేల్చి చెప్పగలవాళ్ళు లేరు. అందుకే జోస్యం కంటే ముందు లెక్క కావాలి.

లెక్క ఇది. లక్ష రూపాయల్లో ప్రతి ట్రేడుకూ ఉన్నదాంట్లో ఐదో వంతు పోగొట్టుకునేలా ఆడితే, వరసగా పది తప్పులకు మిగిలేది 10,700. రెండు శాతం చొప్పున పోతే అవే పది తప్పుల తర్వాత 81,700 ఉంటుంది. వరసగా పది తప్పులు ఎంత నేర్పరికైనా ఏదో ఒక రోజు వస్తాయి. సగం పోయినవాడు మొదటికి రావాలంటే మిగిలింది రెట్టింపు కావాలి. తొంభై శాతం పోతే పదింతలు కావాలి.

రెండు శాతం అనగానే లక్షకు రెండు వేలే కొనాలేమో అనుకుంటారు చాలామంది. అది కాదు. పోతే పోవాల్సింది రెండు వేలు. కొన్న ధరకు ఎనిమిది శాతం కింద స్టాప్‌లాస్ (ధర అక్కడికి పడగానే అమ్మేయమనే ఆర్డర్) పెడదామనుకుంటే, పాతికవేల పొజిషన్ తీసుకోవచ్చు. పాతికవేలలో ఎనిమిది శాతం రెండు వేలే కదా. స్టాప్‌లాస్ ఎక్కడో ముందు తేలాలి, దాన్నిబట్టి ఎంత కొనాలో తేలాలి. దాదాపు అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు: ముందు కొంటారు, పడ్డాక స్టాప్‌లాస్ సంగతి ఆలోచిస్తారు, ధర దాని దగ్గరికి రాగానే ఇంకొంచెం కిందికి జరుపుతారు. పీపాలతో నీళ్ళు తోలడమంటే అదే. ఇంకో మాట. మార్కెట్ ఒక్కసారిగా కూలితే స్టాప్‌లాస్ కూడా మనం రాసిన ధరకే అమ్ముడవుతుందన్న హామీ లేదు, ఇంకా కిందికి పోవచ్చు. పొజిషన్ చిన్నదిగా ఉంచమనడానికి అదీ ఒక కారణం.

షావుకారి మూటలంటే లివరేజ్, అంటే అప్పు డబ్బుతో ఆడడం. లక్ష పెట్టి ఇరవై రెట్ల ఫ్యూచర్స్ పొజిషన్ తీసుకుంటే, ధర ఐదు శాతం పడేలోపే ఆ లక్ష తుడిచిపెట్టుకుపోతుంది. ఐదు శాతం ఈ మార్కెట్లో ఒక మామూలు రోజు. 2025 అక్టోబరు 10న చైనా సరుకులపై అదనంగా 100 శాతం సుంకం వేస్తామని అమెరికా అధ్యక్షుడు ప్రకటించాక, ఒక రోజు వ్యవధిలో 1,900 కోట్ల డాలర్లకు పైగా పొజిషన్లు లిక్విడేట్ అయ్యాయి, అంటే బలవంతంగా మూసేయబడ్డాయి. మన దేశంలో అప్పటికి శుక్రవారం అర్ధరాత్రి దాటింది. షేర్ మార్కెట్ అయితే మధ్యాహ్నం మూడున్నరకు మూతపడుతుంది, పతనం మరీ ఎక్కువైతే సర్క్యూట్ బ్రేకర్ ఆపుతుంది. ఇక్కడ ఆ రెండూ లేవు. తెల్లారి నిద్రలేచి ఫోన్ చూసుకునేసరికి పొజిషన్ ఉండదు, ధర మాత్రం కొంత వెనక్కి లేచి ఉంటుంది.

అటక మీది మూటలంటే ఎక్స్ఛేంజిలో లేని డబ్బు. 2022 నవంబరు 11న ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజి దివాలా పిటిషన్ వేసినప్పుడు, లాభంలో ఉన్నవారి సొమ్ము కూడా అందులోనే ఇరుక్కుపోయింది. కాలేజీ ఫీజు, ఇంటి అద్దె, అమ్మ మందుల డబ్బు ఈ చేలో విత్తేవి కావు. ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

మన దేశంలో పన్ను లెక్క కూడా తక్కువ ట్రేడులే చేయమంటుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్. ఒక కాయిన్ నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంతో సరిపెట్టుకోనివ్వరు. బిట్‌కాయిన్‌లో లక్ష వచ్చి, వేరే కాయిన్‌లో లక్ష పోతే, చేతికి మిగిలింది సున్నా, కట్టాల్సిన పన్ను 31,200. అదే ఏడాది జూలై 1 నుంచి అమ్మిన మొత్తంపై ఒక శాతం టీడీఎస్ కోత కూడా ఉంది. లక్షతో మొదలుపెట్టి, ధర పెరగకుండా తగ్గకుండా ఉన్నా, ఉన్నదంతా ఇరవైసార్లు అమ్మి కొంటే చేతిలో ఆడేది 82,000 లోపే. కోసిన డబ్బు రిటర్న్ దాఖలు చేసినప్పుడు లెక్కలోకి వస్తుంది, అప్పటిదాకా అది విత్తడానికి పనికిరాదు.