పరాయి దేశాన్ని ఏ పుస్తకంలో చూడాలి?

ముస్లిముల గురించి ఎవరో రాసిన పుస్తకం చేతికొస్తే మనం ముందుగా ఏం చేస్తాం? రాసినవారెవరో చూస్తాం. ఆయన ఎప్పుడైనా మన ఇంట్లో భోంచేశాడా, మన నికాహ్‌కు వచ్చాడా, మన జనాజా వెంట నాలుగడుగులు నడిచాడా అని అడుగుతాం. కొన్ని పేజీలు తిరగేసి, "ఇది మేము కాదు" అని పక్కన పెట్టేస్తాం. ఆ బాధ న్యాయమైనదే. కాని అదే మనం, అబ్బాయికి జపాన్‌లోనో జర్మనీలోనో ఉద్యోగం వచ్చిందని తెలియగానే ఆ దేశం గురించి ఏ పుస్తకం తెస్తాం? మొదట దొరికింది తెస్తాం. రాసినవాడు ఆ దేశపు గడప తొక్కాడా అని అడగం. "అక్కడివాళ్ళంతా ఇంతే" అన్న మాట కనిపిస్తే తలూపి ముందుకు సాగిపోతాం.

దివ్య ఖుర్ఆన్‌లోని 83వ సూరా 'అల్ ముతఫ్ఫిఫీన్' కొలతల్లో మోసం చేసేవారిని హెచ్చరిస్తూ మొదలవుతుంది. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకొని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారి గురించిన హెచ్చరిక అది. దాన్ని మనం కిరాణా కొట్టుకే పరిమితం చేసి చదువుతుంటాం. ఒక జాతి గురించి నమ్మే మాటకు తూకం ఉండదా?

ఈ తూకాన్ని నిలబెట్టిన ఒక పండితుడి గురించి ఇక్కడ చెప్పుకోవాలి. అబూ రైహాన్ అల్ బిరూనీ 973లో ఖ్వారిజమ్‌లో జన్మించారు. 1017లో గజనీ సుల్తాన్ మహ్మూద్ ఆ ప్రాంతాన్ని జయించిన తర్వాత ఆయన గజనీ చేరవలసి వచ్చింది. అలా హిందూదేశపు వాకిట్లోకి వచ్చారు. అప్పటికే ఆయనకు నలభై దాటాయి. ఆ వయసులో సంస్కృతం నేర్చుకోవడానికి కూర్చున్నారు. పండితుల దగ్గర విన్నారు, గ్రంథాలు చదివారు, పతంజలి యోగశాస్త్రాన్ని అరబీలోకి తెచ్చారు. దాదాపు 1030లో 'కితాబుల్ హింద్' పూర్తి చేశారు.

ఆ గ్రంథం ఆరంభంలోనే ఆయన చర్చించిన విషయం, వార్తలు తెచ్చేవారు అబద్ధం ఎందుకు చెబుతారన్నది. ఒకడు తన లాభం కోసం చెబుతాడు. మరొకడు తనవాళ్ళ మీద ప్రేమతో, ఇంకొకడు ఎదుటివాళ్ళ మీద పగతో చెబుతాడు. చాలామంది మాత్రం ఏ దురుద్దేశమూ లేకుండా, తమకు ఎవరో చెప్పింది అలాగే చేరవేస్తారు. హదీసు పండితులు ఉల్లేఖకులను పరిశీలించిన తీరు తెలిసిన మన ఇళ్ళలో ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. కొత్తదేమిటంటే, ఆయన దాన్ని తన మతస్థులు కాని ప్రజల విషయంలో కూడా పాటించారు. తన రచన ఖండన గ్రంథం కాదని, వారి మాటను వారు చెప్పినట్టే ముందుంచుతానని స్పష్టం చేశారు.

మరో విషయం ఇంతకన్నా గొప్పది. హిందువుల్లో పండితులు దైవం గురించి నమ్మేది వేరు, సామాన్యులు నమ్మేది వేరు అని రాసి ఆయన అక్కడితో ఆగలేదు. ఈ తేడా ఇతర మతాల్లోనూ, చివరికి ముస్లిముల్లోనూ ఉందని చెప్పారు. మనం తరచుగా పొరబడేది సరిగ్గా ఇక్కడే. మన గ్రంథాల్లోని ఉన్నతమైన మాటను, ఎదుటివారి వీధిలో కనిపించే పొరపాటును తెచ్చి పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పేస్తాం. గ్రంథాన్ని గ్రంథంతో, వీధిని వీధితో పోల్చి చూస్తే మనకే తల వంచుకోవలసి వస్తుందేమో! మహ్మూద్ దాడులు ఆ దేశపు సంపదను నాశనం చేశాయని, అక్కడి ప్రజల్లో ముస్లిముల పట్ల ద్వేషం నాటాయని కూడా బిరూనీ రాశారు. గజనీలో కూర్చొని ఆ మాట రాయడం చిన్న విషయం కాదు.

ఆయనకూ పరిమితులున్నాయి. ఆయనకు దగ్గరగా తెలిసింది ముఖ్యంగా పంజాబు ప్రాంతం. మన తెలుగు నేలను చూడలేదు. సేద్యం చేసుకునేవారికంటే పండితులే ఆయనతో ఎక్కువగా మాట్లాడారు. హిందువుల గురించి కటువుగా రాసిన చోట్లూ ఉన్నాయి. అయినా ఎక్కడ విన్నారో, ఎక్కడ చదివారో చెబుతారు కాబట్టి ఆయన పొరపాటును మనం పట్టుకోగలం.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా ఈ దేశం గురించినదే. 1817లో జేమ్స్ మిల్ బ్రిటిష్ ఇండియా చరిత్రను ప్రచురించారు. ఆయన ఎన్నడూ ఇక్కడికి రాలేదు, ఇక్కడి భాష ఒక్కటీ రాదు. పైగా అది లోపం కాదని, నిష్పాక్షికంగా తీర్పు చెప్పడానికి మేలేనని ముందుమాటలో వాదించారు. న్యాయమూర్తి కూడా నేరాన్ని కళ్ళతో చూడడు కదా అని ఎవరైనా ఆయన తరఫున అనవచ్చు. నిజమే, కాని న్యాయమూర్తి ఉభయపక్షాల మాట వింటాడు. మిల్ ఎక్కువగా విన్నది ఐరోపావారి కథనాలే. ఆ పుస్తకాన్నే ఈస్టిండియా కంపెనీ కళాశాలలో, భారతదేశాన్ని పాలించబోయే యువకులు చదివారు. 1840లో సంస్కృత పండితుడు హెచ్.హెచ్. విల్సన్ దాన్ని మళ్ళీ ప్రచురిస్తూ, అనేకచోట్ల ఖండిస్తూ వివరణలు చేర్చవలసి వచ్చింది.

మరి ఆ దేశంలో నివసించి రాస్తే చాలా? ఎడ్వర్డ్ లేన్ అనే ఆంగ్లేయుడు కైరోలో ఏళ్ళ తరబడి ఉన్నారు. అరబీ నేర్చుకున్నారు, అక్కడివారి దుస్తులే ధరించారు. ఈజిప్టు ప్రజల ఆచారాలపై 1836లో ఆయన ప్రచురించిన పుస్తకాన్ని నేటికీ చదువుతారు. అయితే పరాయి పురుషుడికి జనానా తలుపు తెరుచుకోదు కదా! 1842లో ఆయన సోదరి సోఫియా పూల్ కైరో వెళ్ళారు. ఆ తలుపుల లోపలికి వెళ్ళి, తాను చూసింది 1844లో పుస్తకంగా తెచ్చారు. వారిద్దరికీ అందని సంగతులు ఆ ఇంటి బిడ్డలే చెప్పగలరు. 1956, 57లలో వెలువడిన నజీబ్ మహ్‌ఫూజ్ కైరో నవలలు మూడూ అలాంటివి. ఇంట్లో అందరినీ హడలెత్తిస్తూ, రాత్రిళ్ళు బయట విలాసాల్లో మునిగే ఒక తండ్రి వాటిలో ఉన్నాడు. మనలో కొందరికి ఆ పుటలు ఇబ్బంది కలిగించవచ్చు. ఒక ఇంటి లోపాన్ని ఆ ఇంటివాడే చెబుతున్నప్పుడు వినడం తప్పు కాదు. దాన్ని తీసుకొని "ఈజిప్టు తండ్రులంతా ఇలాంటివారే" అంటేనే తూకం తప్పుతుంది.

కాబట్టి ఒక దేశం గురించి ఒక్క పుస్తకంతో సరిపెట్టుకోకపోవడం మంచిది. బయటివారు రాసినది ఒకటి, ఆ నేల మీద పుట్టినవారు రాసినది ఒకటి, వీలైతే స్త్రీ రాసినది ఒకటి ఉండాలి. ఇవన్నీ తెలుగులో దొరకడం కష్టమే, కొన్నిటిని ఉర్దూలోనో ఇంగ్లీషులోనో చదవాల్సి ఉంటుంది. ఆదివారం పూట హైదరాబాదు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దొంతరలుంటాయి. అబ్బాయి ప్రయాణానికి ముందు ఒకసారి అటు తీసుకెళ్ళండి. అట్ట మీది బొమ్మను కాదు, ముందుమాటను చదవమనండి. రచయిత అక్కడ ఎన్నాళ్ళున్నాడు, ఏ భాషలో మాట్లాడాడు, ఎవరింట్లో కూర్చున్నాడు అన్నది అందులో కనిపించకపోతే, ఆ పుస్తకాన్ని తిరిగి దొంతర మీద పెట్టి పక్కదాన్ని తీయమనండి.