ఎవరి మాంసం వారిదేనా? ఉమ్మడి విందులో మన మర్యాదలు



చదువు కోసమో ఉద్యోగం కోసమో ఆస్ట్రేలియా వెళ్ళిన పిల్లలు మన తెలుగు ముస్లిం కుటుంబాల్లో ఇప్పుడు చాలామందే ఉన్నారు. అక్కడ ఒక వాడుక ఉంది. సెలవు రోజున స్నేహితులు, తోటి ఉద్యోగులు పార్కులో కలుస్తారు. చాలా పార్కుల్లో స్థానిక కౌన్సిల్ వారు అమర్చిన కరెంటు పెనాలుంటాయి. మీట నొక్కితే పెనం వేడెక్కుతుంది. పిలిచినవారు రొట్టె, సలాడ్ వంటివి చూసుకుంటారు. మాంసం మాత్రం ఎవరిది వారు తెచ్చుకోవాలని ముందే చెబుతారు. ఇదీ అక్కడి బార్బెక్యూ.

విందుకు పిలిచి ‘మీ మాంసం మీరే తెచ్చుకోండి’ అనడం మన వైపు పెద్దలకు వింతగానే ఉంటుంది. కాని అసలు చిక్కు అది కాదు. పంది మాంసం కాల్చిన పెనం మీద మన మాంసం కాల్చవచ్చా? పక్కవాడు తెచ్చింది రుచి చూడవచ్చా? చేతిలో డబ్బు లేక కొద్దిగా తెచ్చినవాడు, ఏమీ తేలేనివాడు అక్కడ ఎలా కూర్చోవాలి? ఒకవైపు హలాల్, మరోవైపు మనుషుల మధ్య ప్రేమాభిమానాలు. ఈ రెండింటిలో దేన్నీ పోగొట్టుకోకుండా ఎలా నడచుకోవాలో ధర్మం వెలుగులో చూద్దాం.

కలిపి తినడం మనకు కొత్త కాదు

ప్రయాణాల్లో ఎవరి తిండి వారు తెచ్చి ఒకచోట కలిపి తినే పద్ధతి అరబ్బుల్లో ఉండేది. దాన్ని ‘నహద్’ అనేవారు. ఇమామ్ బుఖారీ (రహ్మతుల్లాహి అలైహ్) తమ హదీసు గ్రంథంలో భాగస్వామ్యానికి సంబంధించిన ప్రకరణాన్ని ఈ అంశంతోనే మొదలుపెట్టారు. ఒకరు కొంచెం, మరొకరు కొంచెం తినేస్తే ముస్లిములు దాన్ని తప్పుగా భావించలేదని అక్కడ రాశారు.

ఇందులో లోతైన విషయం ఉంది. గోధుమలకు గోధుమలు, ఖర్జూరాలకు ఖర్జూరాలు మార్చుకునేటప్పుడు ఇరువైపులా సరిసమానంగా ఉండాలని షరీఅత్ గట్టిగా చెప్పింది. ఎక్కువ తక్కువలైతే అది వడ్డీ కిందికి వస్తుంది. మరి అందరూ కలిపి తినేటప్పుడు ఒకడు తెచ్చినదానికన్నా ఎక్కువ తినవచ్చు, ఇంకొకడు తక్కువ తినవచ్చు. అది ఎందుకు తప్పు కాలేదు? ఎందుకంటే అది బేరం కాదు. ఒకరిపట్ల ఒకరు చూపుకునే ఔదార్యం. కాబట్టి మనస్ఫూర్తిగా ఉమ్మడి పళ్ళెంలో వేసిన తర్వాత ఇక లెక్క చూడకూడదు. ‘నేను మేక మాంసం తెస్తే అతను కోడి రెక్కలు తెచ్చాడు’ అన్న మాట నోటికే కాదు, మనసుకు కూడా రాకూడదు.

అష్అరీ తెగవారి ఆచారాన్ని హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖించారు. యుద్ధ ప్రయాణాల్లో తిండి తరిగిపోయినా, మదీనాలో తమ ఇళ్ళలో ఆహారం కొరవడినా, వారు తమ దగ్గరున్నదంతా ఒక గుడ్డలో పోసి, ఒకే పాత్రతో సమానంగా పంచుకునేవారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిని మెచ్చుకుని, వారు తనవారని, తాను వారివాడనని చెప్పారు. తిండి పంచుకున్నందుకు దక్కిన గౌరవం అది! ఇంతకన్నా పెద్ద గౌరవం ఇంకేముంటుంది?

ఎవరిది వారు విడిగా తినాలనుకుంటే అదీ పాపం కాదు. కలిసి తిన్నా, వేర్వేరుగా తిన్నా దోషం లేదని దివ్య ఖుర్ఆన్ నూర్ సూరా 61వ ఆయతులో అల్లాహ్ సెలవిచ్చాడు. కాబట్టి విడిగా వండుకున్నవాణ్ణి పిసినారి అనకూడదు. అతనికి ఆరోగ్య కారణమో, హలాల్ గురించిన జాగ్రత్తో ఉండవచ్చు.

పెనం, పట్టకార్ల సంగతి

వేర్వేరు మతాల వారు వాడే పెనం విషయంలో హజ్రత్ అబూ సఅలబా ఖుషనీ (రజి) హదీసు మనకు దారి చూపుతుంది. తాము గ్రంథప్రజల మధ్య నివసిస్తున్నామని, వారు తమ కుండల్లో పంది మాంసం వండుతారని, పాత్రల్లో మద్యం తాగుతారని ఆయన విన్నవించుకున్నారు. వేరే పాత్రలు దొరికితే వాటిలోనే తినమని, దొరకకపోతే ఆ పాత్రలనే నీటితో కడిగి వాడుకోమని దైవప్రవక్త (స) చెప్పారు.

పార్కులోని పెనానికీ ఇదే సూత్రం. వేరే పెనం ఖాళీగా ఉంటే అది ఎంచుకోవాలి. లేకపోతే పాత కొవ్వు, మాడు పూర్తిగా గీకి, నీళ్ళతో బాగా కడిగి, తుడిచి వాడుకోవాలి. పైన కొత్త అల్యూమినియం రేకు పరుచుకుంటే మనసుకు ఇంకా నిబ్బరంగా ఉంటుంది. మన వంట ముందే ముగించుకుంటే పక్కనుంచి కొవ్వు చిందే బెడద ఉండదు. పట్టకార్లు, గరిటె, కత్తి ఇంటినుంచే తీసుకెళ్ళాలి. ఒకే పట్టకారు అన్ని మాంసాల్లోనూ తిరుగుతూ ఉంటే ఎంత కడిగినా లాభం లేదు.

మద్యం విషయంలో మాత్రం సర్దుబాటు లేదు. మద్యం నడిచే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోవద్దని హదీసులో హెచ్చరిక ఉంది. కనుక పిలిచినవారితో ముందే మర్యాదగా మాట్లాడి వేరే బల్ల ఏర్పాటు చేసుకోవాలి. అది కుదరకపోతే సున్నితంగా సెలవు తీసుకోవాలి. అక్కడికి వెళ్ళాక ముఖం చిట్లించుకోవడం కన్నా ముందురోజు ఫోనులో చెప్పడం మేలు.

ముస్లిం సోదరుడు తెచ్చిన మాంసం గురించి కూపీ లాగడం మాత్రం మర్యాద కాదు. కొత్తగా ఇస్లాం స్వీకరించినవారు మాంసం తెస్తున్నారని, దానిపై అల్లాహ్ పేరు తలచారో లేదో తెలియదని కొందరు అడిగినప్పుడు, మీరు బిస్మిల్లాహ్ చెప్పి తినండని దైవప్రవక్త (స) జవాబిచ్చినట్లు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. యంత్రంతో చేసే జబహ్ వంటి విషయాల్లో ఉలమాల మధ్య అభిప్రాయ భేదాలున్నాయి. మీరు నమ్మే ఆలిమ్ చెప్పింది మీరు పాటించండి. సందేహం బలంగా ఉంటే మాట్లాడకుండా మీ పళ్ళెంలోనిదే తినండి. పదిమందిలో ‘ఏ దుకాణంలో కొన్నావు? ఎవరు కోశారు?’ అని నిలదీసి ఒక ముస్లిం ముఖం చిన్నబుచ్చడం జాగ్రత్త అనిపించుకోదు.

తక్కువ తెచ్చినవాడి గౌరవం

హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వంలో 300 మంది సముద్ర తీరానికి బయలుదేరారు. దారిలో ఆహారం అయిపోవచ్చింది. ఆయన అందరి దగ్గర ఉన్నదీ ఒకచోట చేర్పించారు. రోజూ కొద్దికొద్దిగా పంచారు. చివరికి తలా ఒక్క ఖర్జూరం దక్కేది. ఎవరి సంచిలోంచి ఎంత వచ్చిందన్న ప్రస్తావనే ఆ హదీసులో లేదు.

కొత్తగా దేశం వెళ్ళిన విద్యార్థి దగ్గర ఇంటి అద్దెకే డబ్బు చాలదు. మాంసం తేలేక, వట్టి చేతులతో రాలేక, పని ఉందని అబద్ధం చెప్పి గదిలోనే ఉండిపోతాడు. అతని ఒంటరితనానికి మన వాడుక కారణం కాకూడదు. ‘నీకూ కలిపి తెస్తున్నాను, నువ్వు వస్తే చాలు’ అని ముందే రహస్యంగా చెప్పండి. ఇద్దరి భోజనం ముగ్గురికి సరిపోతుందన్నది దైవప్రవక్త (స) బోధన. పొరుగువారు పంపింది మేక గిట్టె అయినా చులకన చేయవద్దని ఆయన స్త్రీలకు ఉపదేశించారు. ఎవరైనా నాలుగు ముక్కలే తెస్తే వాటిని మొదట పళ్ళెంలో పెట్టి, మొదట మీరే రుచి చూడండి.

గుర్తుంచుకోవలసిన మర్యాదలు

1. ఉమ్మడి పళ్ళెంలో వేయనంతవరకు ఎవరి మాంసం వారిదే. అడగకుండా ముట్టుకోకూడదు. ‘ఒక ముక్కే కదా’ అనకూడదు.

2. నలుగురితో కలిసి తింటూ రెండేసి ఖర్జూరాలు ఒకేసారి తీసుకోవద్దని, తోటివారు అనుమతిస్తే తప్ప అలా చేయకూడదని హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి) హదీసులో ఉంది. కబాబులకూ ఇదే వర్తిస్తుంది. అందరికీ ఒకటి అందిన తర్వాతే రెండవదానికి చెయ్యి చాపాలి.

3. వడ్డించినది అక్కడ తినడానికే అనుమతి అని హనఫీ ఫిఖహ్ వివరిస్తుంది. ఇంటికి కట్టుకెళ్ళాలంటే యజమానిని అడగాలి.

4. నచ్చనిదానికి వంక పెట్టకూడదు. దైవప్రవక్త (స) ఏ ఆహారానికీ వంక పెట్టలేదు. ఇష్టమైతే తినేవారు, లేకుంటే వదిలేసేవారు.

5. మన హలాల్‌ను ఇతరులు గౌరవించాలని కోరుకుంటాం. అలాగే శాకాహారి మిత్రుని కూరగాయలను మన మాంసం పెనం మీద వేయకూడదు. గొడ్డు మాంసం అయితే ఆ మాట ముందే చెప్పాలి. తెలియక తిన్న హిందూ సోదరుని బాధ మనం తీర్చలేం.

6. వెళ్ళేముందు పెనం శుభ్రం చేయాలి. తర్వాత వచ్చేవాడు ఎవరైనా సరే, అతనికీ మనపై హక్కు ఉంది.

హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) దగ్గరకు అపరిచిత అతిథులు వచ్చారు. మీరు ఏమి తెచ్చారని ఆయన అడగలేదు. చప్పుడు కాకుండా ఇంట్లోకి వెళ్ళి కాల్చిన లేగదూడ మాంసం తెచ్చి వారి ముందుంచారు. ఆ అతిథులు దైవదూతలని ఆయనకు తర్వాతే తెలిసింది. మాంసం ఎవరిది వారు తెచ్చుకునే చోట కూడా ఇబ్రాహీం (అలై) సంప్రదాయానికి తావుంది. ఐసు పెట్టెలో మనకు కావలసినదానికన్నా కొంచెం ఎక్కువ సర్దుకుంటే చాలు.

అల్లాహ్ మన ఆహారాన్ని పరిశుద్ధంగా, మన హృదయాలను విశాలంగా ఉంచుగాక! దూర దేశాల్లో ఉన్న మన పిల్లల ధర్మాన్నీ, వారి పరస్పర ప్రేమనూ కాపాడుగాక! ఆమీన్.