ఆలస్యమైన సాక్ష్యము

చేసిన మేలునకు ప్రతిఫలము కోరరాదని మన పెద్దలు చెప్పిరి. మేలు పొందినవాడు దానిని మఱచిపోవచ్చునని మాత్రము ఏ పెద్దయు చెప్పలేదు. ఈ రెండు మాటలకును గల భేదమును మనము తఱచుగా గమనింపము. నిష్కామత చేసినవాని ధర్మము. కృతజ్ఞత పొందినవాని ధర్మము. పొందినవాడు తన ధర్మమును ప్రక్కకు నెట్టి, ఎదుటివానికి వాని ధర్మమును బోధింప బూనుట లోకమున మిక్కిలి సులభమైన పని. ఒక పాత సిపాయి పతకమును గూర్చిన చిన్న వ్యవహారము మా చేత ఈ నాలుగు మాటలు వ్రాయించుచున్నది.

మంగళగిరిలో మా వీథి చివర నొక వృద్ధు డున్నాడు. చేనేతవారి యింట బుట్టి, యౌవనమున మగ్గము విడిచి సైన్యమున జేరి, 1971వ సంవత్సరపు యుద్ధమున తూర్పు సరిహద్దు దాటి పనిచేసినవాడు. ఆ యుద్ధము డిసెంబరు 3వ తేదీన మొదలై, 16వ తేదీన ఢాకాలో శత్రుసేన లొంగిపోవుటతో తూర్పు రంగమున ముగిసినది. అందు పాల్గొన్నవారికై ప్రభుత్వమువారు తూర్పున పూర్వీ స్టారు, పడమట పశ్చిమీ స్టారు, ఇవి గాక సంగ్రామ పతకము ఏర్పఱచిరి. ఈయన డిశ్చార్జి పుస్తకమున సంగ్రామ పతక మొక్కటియే కలదు. తోడివారి కందఱకును వచ్చిన పూర్వీ స్టారు ఈయనకు రాలేదు.

ఏల రాలేదని విచారింపగా గొప్ప రహస్య మేదియు బయటపడలేదు. తెలుగువారికి ఇంటిపేరు ముందు, పెట్టినపేరు వెనుక. ఉత్తరదేశపు గుమాస్తాకు ముందున్నది పేరు, వెనుకనున్నది వంశము. ఒక కాగితమున ఇంటిపేరే పేరైనది; వేఱొక కాగితమున అది పొడి అక్షరమైనది; మూడవదానిలో సిపాయి సంఖ్యలోని అంకె యొకటి తాఱుమారైనది. సైన్యములో మనుష్యుని బదిలీలు, సెలవులు, పెండ్లి, బిడ్డలు సర్వమును ‘పార్ట్ టూ ఆర్డరు’ అను పత్రమున ఎక్కవలెను. అందెక్కినది జరిగినట్లు, ఎక్కనిది జరుగనట్లు. ఈయన తూర్పున కేగిన సంగతి ఈయన పేరున ఎక్కలేదు. అంతియే.

మేము బడిపంతులమగుటచే ఇంగ్లీషున అర్జీ వ్రాసిపెట్టుమని ఆయన మాయొద్దకు వచ్చెను. ఏబది యేండ్లు దాటిన పిదప ఈ పతక మెందులకని మే మడిగితిమి. అడిగినందుకు నేటికిని సిగ్గుపడుచున్నాము. ఆయన కోపగింపక ఇట్లనెను: “పంతులుగారూ, నేను లేనిచోట ఉన్నానని రాయమనటం లేదండీ. ఉన్నచోట లేనని రాసినదాన్ని కొట్టెయ్యమంటున్నాను.”

ఈ మాటలో మా ప్రశ్నకు సమాధాన మున్నది. మేము పతకమును బహుమాన మనుకొంటిమి. ఆయన దానిని సాక్ష్య మనుకొనుచున్నాడు. బహుమాన మైనచో ఇచ్చువాని యిష్టము. ఆలస్యమైనను, మానుకొన్నను అడుగుటకు వీలులేదు. సాక్ష్యము అట్టిది కాదు. చూచినవాడు చూచితినని చెప్పవలసినదే. సేవాపతకపు లోహమునకు సంతలో విలువ లేదు; దాని విలువ యంతయు అంచున చెక్కిన సంఖ్యలోను పేరులోను ఉన్నది. ‘ఈ మనుష్యుడు ఆ దినమున ఆ చోట నుండెను’ అని రాజ్యము పలుకు వాక్యమే పతకము. మన రాజ్యాంగము 18వ అధికరణమున బిరుదులను రద్దుచేయుచు, సైనికములును విద్యాసంబంధములును అగు గౌరవములను మాత్రము మినహాయించినది. మాకు తోచినంతలో కారణ మిది: బిరుదు మనుష్యుని తోడివారికంటె ఎత్తున నిలుపును, పతకము, పట్టము అనునవి వాడు చేసిన పనిని చెప్పును. పనిని చెప్పుట సమత్వమునకు విరుద్ధము కాదు.

చెప్పుటయందు పక్షపాత మెట్లు ప్రవేశించునో పతకముల చరిత్రయే తెలుపుచున్నది. ఉత్తర హిందూస్థానమున కంపెనీ సిపాయిని చిరకాలము ‘తిలంగా’ అని పిలిచిరి. అది మన తెలుగుపేరే. 1799లో శ్రీరంగపట్టణమును గెలిచిన పిమ్మట కంపెనీవారు పతకములు పోయించిరి. పై అధికారులకు బంగారము. సిపాయికి తగరము కలిసిన చౌక లోహము. కోటగోడ నెక్కునపుడు తగిలిన గుండు మాత్రము లోహభేదమును పాటింపలేదు. 1803 మొదలు 1826 వఱకు జరిగిన యుద్ధములకుగాను 1851లో మఱియొక పతకము మంజూరైనది. అదియు అప్పటికి బ్రతికియుండి కోరినవారికి మాత్రమే. నలువది యెనిమిదేండ్లు ఆలస్యము చేసి, బ్రతికియున్నవారికే ఇత్తుమనుట ఋణమును తగ్గించుకొను ఉపాయముగా కానవచ్చును. మొదటి ప్రపంచయుద్ధానంతరము ఒకే పతకమును యోధులకు వెండితోను, కూలిదళములవారికి కంచుతోను పోయించిరి. ఆ కంచుపతకములు లక్షకు పైబడినవి. వారిలో భారతీయులు అనేకులు.

వ్రాతలో జరిగిన లోపము అంతటితో ఆగదు. కొంతకాలమునకు అదియే ప్రమాణమై కూర్చుండును. పందొమ్మిదవ శతాబ్ది చివర దొరలు కొన్ని జాతులు యుద్ధమునకు పుట్టినవనియు, దక్షిణదేశీయులు అందులకు తగరనియు ఒక సిద్ధాంతమును కల్పించి, తెలుగువారిని సైన్యమున చేర్చుకొనుట తగ్గించిరి. చేర్చుకొననందున సేవ కొఱవడెను. సేవ కొఱవడినందున తగరన్న మాట నిజమని తోచెను. తాడేపల్లిగూడెము దాపున నున్న మాధవరము ఇంటింట సిపాయిలను పంపి ‘మిలిటరీ మాధవరము’ అను పేరు తెచ్చుకొన్నది గాని, ఒక్క గ్రామపు పేరు ఒక సిద్ధాంతపు అబద్ధమును ఎంతవఱకు కడుగగలదు?

ఇక ఆక్షేపణలు. ఆ పాత యుద్ధములు పరప్రభుత్వము కొఱకు చేసినవి గదా, వాని పతకములను కోరుట బానిస తన గొలుసును మెఱుగుపెట్టుకొనుట కాదా యని కొందఱందురు. యుద్ధము న్యాయమా యనుట యొక ప్రశ్న. ఈ మనుష్యు డచట నుండెనా యనుట వేఱొక ప్రశ్న. మొదటిదానికి సమాధానము చేదుగా నున్నదని రెండవదానికి అబద్ధము చెప్పరాదు. సమాధుల సంరక్షణకై ఏర్పడిన కామన్వెల్తు సంఘము 2021లో తన తప్పును తానే విచారించి ప్రకటించినది: మొదటి యుద్ధమున మరణించినవారిలో 45,000 మొదలు 54,000 మంది వఱకు అసమానముగా స్మరింపబడిరనియు, కనీసము 1,16,000 మంది పేరు లేకయో, అసలే స్మరింపబడకయో ఉండిరనియు చెప్పి క్షమాపణ కోరినది. వీరిలో ఆఫ్రికనులు, ఈజిప్టువారు, భారతీయులు ఎక్కువ. నూఱేండ్ల తరువాత చెప్పిన నిజము చచ్చినవారిని లేపదు. కాని బ్రతికినవారు వారిని గూర్చి అబద్ధమాడుట మానుదురు.

దొంగ అర్జీలు వచ్చునని మఱికొందఱందురు. వచ్చును, కాదనము. చేయని సేవకు పతకము ధరించినవాడు చేసినవానిని దోచినవాడే. కాబట్టి నిదర్శనము అడుగవలసినదే. అయితే ఎట్టి నిదర్శనము? కాగితమును పోగొట్టినవారే కాగితము తెమ్మనుట న్యాయము కాదు. స్వాతంత్ర్యయోధుల పింఛనుల విషయమున మన సుప్రీముకోర్టు 2001లో ఈ సంగతినే నిర్ణయించినది: ఏనాటివో సంగతులకు నేరవిచారణలోవలె సందేహమునకు తావులేని రుజువు కోరరాదు, సంభావ్యత చాలును. అమెరికాలో 1946 నాటి చట్టముచే సైనికుల లెక్కలను సవరించుటకై ప్రత్యేకముగా మండలులు ఏర్పడినవి. 1973 జులైలో సెయింట్ లూయిస్ నగరపు అగ్నిప్రమాదమున కోటిన్నరకు పైగా సైనికుల దస్త్రములు కాలిపోగా, జీతపు చీట్లవంటి ఇతరాధారములతో వానిని తిరిగి కూర్చుచున్నారు. నిప్పు కాగితమును కాల్చగలదు గాని జరిగినదానిని జరుగకుండ చేయలేదని వారు ఒప్పుకొన్నట్లే. అచటనే జాతివివక్షచే అత్యున్నత పతకము తప్పిపోయినవారి సంగతి విచారింపుమని 2002లో శాసనసభ ఆజ్ఞాపింపగా, 2014లో ఇరువది నలుగురి కది లభించినది. అప్పటికి జీవించియున్నవారు ముగ్గురే. ఆలస్యపు వెల ఎంతటిదో ఈ అంకెయే చెప్పుచున్నది.

వ్యవహారజ్ఞుల కొఱకు ఇంకొక మాట. నేడు పతకమును తప్పించిన ఆ తప్పుడు పేరే రేపు సిపాయి గతించిన పిదప ఆయన భార్యకు రావలసిన కుటుంబ పింఛనునకు అడ్డుపడును. ఆయన అర్జీ వ్రాయుచుండగా ఆమె గడపలో కూర్చుండి వినుచుండెను. ఆయన తూర్పున నున్న దినములలో అత్తమామలను సాకుచు, కండెలు చుట్టుచు, మగ్గము ఆగకుండ నడిపినది ఆమెయే. ఆ సంగతి ఏ పార్ట్ టూ ఆర్డరునను లేదు; దానికి స్టారును లేదు. మేము రాజ్యపు పుస్తకములను తప్పుపట్టుచు మన యిండ్ల పుస్తకములను దిద్దకుండుట తగునా? ఎవరి కష్టమును మనము చూచియు లెక్క వ్రాసికొనలేదో మన మొక్కొక్కరము ఆలోచించుకొనవలెను.

మా కొండమీది పానకాలస్వామి భక్తుడు తెచ్చిన పానకములో సగము త్రాగి సగము విడుచునని ప్రతీతి. ఇత్తడి బిందె యైనను, మట్టికుండ యైనను, రాజు తెచ్చినను, కూలివాడు తెచ్చినను సగమే. పాత్రను చూడక పానకమును చూచు ఆ న్యాయము మనుష్యుల దస్త్రములకు పూర్తిగా అబ్బదు. కొంతయైనను అబ్బవలెనని కోరుట అత్యాశ కాదు.

అర్జీ పంపితిమి. కొన్ని నెలలకు మఱియొక కాగితము కోరుచు జాబు వచ్చినది, అదియు పంపితిమి. పతకము వచ్చునో రాదో చెప్పలేము. ఈసారి కాగితములన్నిటను ఆయన పేరు ఒక్క తీరున, సరిగా ఉన్నది. చదువరుల యిండ్లలోను పాత పెట్టెల అడుగున ఇట్టి పుస్తకము లుండవచ్చును. పెద్దలు జీవించియుండగనే వానిని తెఱచి, వారి ప్రక్కన కూర్చుండి చదువుడు. తప్పున్నచో దిద్దించుడు. వారు పోయిన పిదప వేయు పూలదండకంటె అది మేలైన ఋణవిమోచనము.