దూరపు మనిషి చిన్నవాడా?

(ధ్యానభాగములు: లూకా 15:11–32, మార్కు 8:22–25)



పున్నమినాటి రాత్రి ఒక బఠాణీ గింజను రెండు వ్రేళ్లతో పట్టుకొని, చేయి చాచి, ఒక కన్ను మూసి చూడుడి. ఆ గింజ చందమామను కప్పివేయును. చంద్రుని అడ్డుకొలత సుమారు 3,474 కిలోమీటర్లు. అయినను మనకు దాదాపు 3,84,000 కిలోమీటర్ల దూరమున ఉన్నందున ఒక గింజచాటున దాగిపోవుచున్నాడు. సూర్యుడు చంద్రునికంటె ఇంచుమించు 400 రెట్లు పెద్దవాడు. దూరమును ఇంచుమించు 400 రెట్లు ఎక్కువే. అందుచేతనే ఆకాశములో ఇద్దరును ఒకే కొలతగా కనబడుచున్నారు. సంపూర్ణ సూర్యగ్రహణమునాడు చిన్నవాడు పెద్దవానిని మరుగుచేయుచున్నాడు.

ఇందువలన మనకు తెలియునదేమనగా, కన్ను తనంతట తాను దేని కొలతను ఎరుగదు. దగ్గరనున్న చిన్న వస్తువును, దూరముననున్న పెద్ద వస్తువును కంటి వెనుకనున్న పొరమీద ఒకే పాటి బొమ్మను వేయవచ్చును. దూరము తెలిసినప్పుడే కొలత తెలియును.

అయితే మనము దినదినము ఇంతగా పొరబడుట లేదే! చెరువుగట్టుమీద ఒకడు మననుండి నడిచిపోవుచున్నాడనుకొనుడి. దూరము రెండింతలైనప్పుడు మన కంటిలో వాని బొమ్మ సగమగును. అయినను "అయ్యో, వీడు పొట్టివాడైపోయెను" అని ఎవరును కేక వేయరు. మనస్సు దూరమును లెక్కించి కంటి సాక్ష్యమును దిద్దుచున్నది. ఇందుకు సహాయముగా దేవుడు మనకు రెండు కన్నులను సుమారు 6 సెంటీమీటర్ల ఎడముగా అమర్చెను. రెండు కన్నులు చూచునది అచ్చముగా ఒకటి కాదు. ఆ కొద్దిపాటి భేదమునుండియే లోతు తెలియుచున్నదని 1838లో చార్లెస్ వీట్‌స్టన్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు అద్దముల యంత్రమొకటి చేసి చూపెను.

ఈ దిద్దుబాటుకు అలవాటు కావలెను. కాంగో దేశపు ఈటూరి అడవి జనులతో నివసించిన కోలిన్ టర్న్‌బుల్, 1961లో అచ్చయిన తన పుస్తకములో ఒక యువకుని సంగతి వ్రాసెను. దట్టమైన అడవిలో పెరిగిన ఆ యువకుడు బయలు ప్రదేశమునకు వచ్చి, చాల దూరమున మేయుచున్న అడవిదున్నలను చూచి, అవి ఏ పురుగులని అడిగెనట. అతనికి చూపు కొరత లేదు. దూరముతో పరిచయము లేదు.

ఇప్పుడు మన సంగతి యోచించుదము. మన బిడ్డకు జ్వరము వచ్చినయెడల రాత్రియంతయు నిద్రపట్టదు. పొరుగూరిలో ఒక బిడ్డ చనిపోయెనని విన్నను అన్నము తినగలము. ఇది పాపమా? కొందరు విశ్వాసులు దీనినిబట్టి మిక్కిలి కలతపడుదురు. లోకములోని దుఃఖమంతయు మన దుఃఖమంత పెద్దదిగా తోచినయెడల ఎవడు బ్రదుకగలడు? దగ్గరిది పెద్దదిగా కనబడుట మనకు కలిగిన నిర్మాణము. గట్టుమీద దూరమైన మనిషి మన కంటికి చిన్నగానే కనబడును. ఆ బొమ్మను పెంచుట మనవలన కాదు. అయినను వానిని మరుగుజ్జు అని మనము అనము. ఆలాగుననే పరుల దుఃఖమునకు మన కన్నీరు తక్కువ కావచ్చును. మన తీర్పు తక్కువ కాకూడదు. మన కంటికి కనబడినంతయే వాని బాధయని నిశ్చయించి, ఆ చొప్పున వానికి కూలి కొలుచుట, వాని మొర త్రోసివేయుట, ఇదియే పాపము.

మరియొక మాట. కొన్ని దూరములు సహజముగా కలిగినవి, కొన్నిటిని మనుష్యులు కల్పించిరి. మన ఊళ్లలో పేటలను ఊరికి ఎడముగా ఉంచినది దేవుడు కాడు. ప్రభువు బల్లయొద్ద ఒక్క రొట్టెలో పాలుపొంది, పెండ్లి పందిటిలో కులమునుబట్టి వేరు వరుసలు వెదకు మనము ఆ దూరమును ఇంకను కాపాడుచున్నాము. మనుష్యుని ముందు దూరముగా ఉంచి, తరువాత చిన్నవాడని పిలుచుట ఎంత అన్యాయము!

తప్పిపోయిన కుమారుడు ఇంకను దూరముననున్నప్పుడే తండ్రి అతని చూచెను. అంత దూరమున ఏ మనిషియైనను చుక్కవలెనే కనబడును. అయినను తండ్రికి అతడు కుమారుడే. తండ్రి పరుగెత్తి ఆ దూరమును తానే తగ్గించెను. పెద్దకుమారుడైతే ఇంటివాకిటనే నిలిచియుండియు తమ్ముని తమ్ముడనలేకపోయెను. అడుగులలో లేని దూరము అతని హృదయములో ఉండెను.

బేత్సయిదా గ్రుడ్డివాడు మొదట మనుష్యులను నడుచు చెట్లవలె చూచెను. ప్రభువు మరల చేయి ఉంచిన తరువాతనే సమస్తమును తేటగా చూచెను. మనలో అనేకులము మొదటి స్పర్శయొద్దనే ఆగిపోయినవారము. గనుక ఈ మాసములో మీరు ఇంతవరకు గడప త్రొక్కని ఒక ఇంటికి నడిచి వెళ్లుడి. వారి మాట విని రండు. మీరు దగ్గరకు వెళ్లినకొలది వారి నిజమైన కొలత మీకు తెలియును.

ప్రభువు మన కన్నులమీద రెండవమారు తన చేయి ఉంచును గాక. ఆమేన్.