వేసవి విద్య ఎవరి కొఱకు?

అమెరికాలో స్థిరపడిన బాల్యమిత్రుడొకడు, ఉన్నత పాఠశాలలో చదువుచున్న తన కుమారుని వేసవిలో ఏ విద్యాశిబిరమునకు పంపవలెనని నాకు వ్రాసెను. పేరుగల విశ్వవిద్యాలయమొకటి మూడు వారములు బోధించి, చేరినవారికెల్ల యోగ్యతాపత్రము నిచ్చునట. కళాశాలాప్రవేశమునకు అది తోడ్పడునని తండ్రి ఆశ. బాలునకు మాత్రము గణితమనిన మక్కువ.

ఆ దేశముననే 1957లో ఆర్నాల్డ్ రాస్ ప్రారంభించిన గణితశిబిరము నేటికిని సాగుచున్నది. అందు ఆఱు వారములు ముఖ్యముగా సంఖ్యాసిద్ధాంతమే. ఉపపత్తులను గురువు ముందుగా చెప్పడు; విద్యార్థియే సమస్యలతో పెనగులాడి కనుగొనవలెను.

పత్రము వలదనుట నా మతము కాదు. బిడ్డ భవిష్యత్తును గూర్చిన చింత తండ్రికి దోషమా? కాని పత్రమే లేకున్నను బాలుడు ఎచ్చటికి పోగోరును? ఈ ప్రశ్నను వానినే అడుగుమని ప్రత్యుత్తరము వ్రాసితిని. అడుగక పంపిన తండ్రి, తన భయము తీర్చుకొనుటకు కుమారుని వేసవిని వ్యయపఱచినవాడగును.